జ్ఞానస్నానం లేకుండా మోక్షం ఉందా? అండమాన్ తీరం నుంచి ఒక ప్రశ్న



నేను మీకు మామూలుగా చెప్పేవి విజ్ఞానశాస్త్ర పాఠాలు. ఈ పాఠం మాత్రం ఒక మత సిద్ధాంతం గురించి. ఇది నా ముందుకు ఎలా వచ్చిందో ముందు చెబుతాను.

అండమాన్ ద్వీపాల్లో ఒకసారి అంటువ్యాధులు, రోగనిరోధక శక్తి అనే అంశం మీద మాట్లాడాను. బయటి ప్రపంచంతో సంబంధం లేని ఉత్తర సెంటినెల్ దీవి ప్రజలకు మన సాధారణ జలుబు కూడా ఎందుకు ప్రమాదమో వివరించాను. ప్రసంగం ముగిశాక ఒక తెలుగు అమ్మాయి లేచింది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబం వాళ్లది. ఆదివారం తప్పకుండా కథోలిక గుడికి వెళ్తారట. ఆ అమ్మాయి అడిగింది: "సార్, ఆ దీవిలో వాళ్లకి ఎవరూ జ్ఞానస్నానం ఇవ్వలేదు. ఇవ్వడానికి వెళ్లకూడదు కూడా. మరి వాళ్లకి మోక్షం ఉండదా?" కాసేపాగి, గొంతు తగ్గించి మరో మాట అంది: "మా తమ్ముడు పుట్టిన రోజే పోయాడు. వాడికీ ఎవరూ నీళ్లు పోయలేదు."

ఈ రెండు ప్రశ్నలూ ఒకే ప్రశ్న. కథోలిక శ్రీసభ లోపల దాదాపు 1,800 ఏళ్లుగా నడుస్తున్న చర్చ అది. ఏది నమ్మాలో చెప్పడం ఈ పాఠం పని కాదు. ఆ చర్చ ఏ మెట్ల మీదుగా నడిచింది, ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నది మాత్రం మనం చూద్దాం.

దీవి సంగతి

ఒక సూత్రం ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవాలంటే దాన్ని అంచుల దాకా తీసుకువెళ్లి పరీక్షించాలని భౌతికశాస్త్రంలో నేర్చుకున్నారు కదా! వాయు నియమాలను అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, అతి ఎక్కువ పీడనం దగ్గర పరీక్షిస్తాం. "జ్ఞానస్నానం లేనిదే రక్షణ లేదు" అనే సూత్రానికి అలాంటి అంచు ఉత్తర సెంటినెల్.

ఇది దక్షిణ అండమాన్‌కు పడమరగా ఉన్న సుమారు 60 చదరపు కిలోమీటర్ల దీవి. పోర్ట్ బ్లెయిర్ నగరానికి, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న నగరానికి, దాదాపు 50 కిలోమీటర్ల దూరం. అక్కడివారి భాష బయటివారెవరికీ తెలియదు. 2011 జనాభా లెక్కల సిబ్బంది కూడా దీవి మీద అడుగు పెట్టలేదు. దూరం నుంచే చూసి 15 మందిని లెక్కించారు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం అక్కడికి వెళ్లడం నేరం.

ఈ నిషేధం వెనుక చేదు అనుభవం ఉంది. 1880లో బ్రిటిష్ అధికారి పోర్ట్‌మన్ ఆ దీవి నుంచి ఒక వృద్ధ జంటను, నలుగురు పిల్లలను పట్టి తెచ్చాడు. అందరూ జబ్బుపడ్డారు. పెద్దవాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లలను కానుకలిచ్చి తిరిగి దింపేశారు. పక్క దీవుల్లో గ్రేట్ అండమానీ ప్రజల కథ ఇంకా దారుణం. 1858లో బ్రిటిష్ వారి ఖైదీల వలస స్థావరం ఏర్పడేనాటికి వాళ్లు వేలల్లో ఉండేవారు. 1877లో తట్టు వ్యాపించింది. మరికొన్ని వ్యాధులు తోడయ్యాయి. 1901 లెక్కల్లో 625 మంది, 1961 లెక్కల్లో 19 మంది మాత్రమే మిగిలారు.

ఎందుకిలా జరుగుతుంది? మన ఊళ్లలో తట్టు వచ్చినా అందరూ ఒకేసారి పడకేయరు. ఒకసారి వచ్చి తగ్గినవారికో, టీకా వేయించుకున్నవారికో ఆ వైరస్‌ను ఎదిరించే శక్తి ఉంటుంది. ఆ వైరస్ ఎన్నడూ సోకని సమూహంలో ఆ రక్షణ ఒక్కరికీ ఉండదు. పిల్లలు, పెద్దలు, వేటకు వెళ్లేవారు, నీళ్లు తెచ్చేవారు అందరూ ఒకే వారంలో మంచాన పడతారు. అప్పుడు రోగంతో పాటు ఆకలీ చంపుతుంది.

1991 జనవరిలో మానవశాస్త్రవేత్త మధుమాల చట్టోపాధ్యాయ ఉన్న బృందం నీళ్లలో నిలబడి ఇచ్చిన కొబ్బరికాయలను సెంటినెల్ వాసులు చేతులతో అందుకున్నారు. 1990ల మధ్యలో అలాంటి యాత్రలు కూడా ఆపేశారు. దూరం నుంచి గమనించడమే తప్ప దగ్గరికి వెళ్లకపోవడం అప్పటినుంచి ప్రభుత్వ విధానంగా ఉంది.

కాబట్టి సెంటినెల్ వాసి ఒకరు సువార్త వినకుండా, జ్ఞానస్నానం పొందకుండా జీవించి మరణించడం అక్కడ మినహాయింపు కాదు. అదే అక్కడి నియమం. మన అంచు ప్రయోగం సిద్ధమైంది.

జ్ఞానస్నానం అంటే ఏమిటి?

ద్వీపాల జనాభాలో 2011 నాటికి సుమారు 21 శాతం క్రైస్తవులు. నికోబారులో ఆంగ్లికన్ సంప్రదాయం బలమైనది. కథోలికుల్లో ఎక్కువమంది వలస వచ్చినవారి సంతతి. వీరిలో 1918 నుంచి కథోలిక మిషన్ నడిపిన కూలీల సంస్థ ద్వారా ఛోటానాగపూర్ నుంచి అడవి పనులకు వచ్చిన ఆదివాసుల కుటుంబాలు ముఖ్యమైనవి. వీరిని ఇక్కడ రాంచీవాలాలు అంటారు. 1984లో పోర్ట్ బ్లెయిర్ కథోలిక మేత్రాసనం ఏర్పడింది.

ప్రొటెస్టంట్లు బాప్తిస్మం అనేదాన్నే తెలుగు కథోలికులు జ్ఞానస్నానం అంటారు. తండ్రి, కుమార, పవిత్రాత్మల నామాన తలపై నీళ్లు పోయడం, లేదా నీళ్లలో ముంచడం దీని బాహ్య రూపం. ఆదిమానవుడి నుంచి మనిషికి సంక్రమించే జన్మపాపం దీనితో తొలగుతుందని, మనిషి దేవుని బిడ్డగా కొత్త జన్మ ఎత్తుతాడని శ్రీసభ బోధ. నీటివల్ల, ఆత్మవల్ల పుట్టనివాడు దేవుని రాజ్యంలో ప్రవేశించలేడని యేసు నికోదేముతో చెప్పినట్టు యోహాను సువార్త మూడవ అధ్యాయంలో ఉంది. అవసరమనే వాదానికి పునాది ఇదే.

అదే బైబిలులో పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖ, అందరూ రక్షణ పొందాలన్నదే దేవుని సంకల్పమని చెబుతుంది. ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. జ్ఞానస్నానం తప్పనిసరి. అందరూ రక్షణ పొందాలి. కానీ కొందరికి జ్ఞానస్నానం పొందే వీలే లేదు. మూడూ నిజమైతే లెక్క ఎలా సరిపోతుంది? చర్చ అంతా ఈ లెక్క సరిచేసే ప్రయత్నమే.

'అవసరం' అనే మాటకు రెండు అర్థాలు

ఇక్కడ వేదాంతులు చేసిన ఒక విభజనను జాగ్రత్తగా గమనించండి. ఇది అర్థమైతే సగం పాఠం అర్థమైనట్టే.

పరీక్ష రాయాలంటే హాల్ టికెట్ అవసరం. ఊపిరి నిలవాలంటే ఆక్సిజన్ అవసరం. రెండు చోట్లా ఒకే మాట వాడాం. కానీ అర్థం ఒకటి కాదు. హాల్ టికెట్ నియమం వల్ల వచ్చిన అవసరం. తుపానులో టికెట్ కొట్టుకుపోయిన విద్యార్థిని అధికారులు దయతలచి లోపలికి పంపవచ్చు. ఆక్సిజన్ అలా కాదు. పాత బావిలో ఆక్సిజన్ లేదని తెలియక దిగినవాడు కూడా ప్రాణం కోల్పోతాడు. అతడికి తెలియదన్న సంగతి అతడి ఊపిరితిత్తులకు అక్కరకు రాదు. మొదటిదాన్ని ఆజ్ఞ వల్ల అవసరమనీ, రెండవదాన్ని సాధనంగా అవసరమనీ వేదాంతులు పిలిచారు.

జ్ఞానస్నానం ఏ రకం? అది సాధనంగా అవసరమన్నది కథోలిక సంప్రదాయం ఇచ్చిన జవాబు. అందుకే ప్రశ్న కఠినమైంది. "పాపం, వాళ్లకు తెలియదు కదా!" అన్నంత మాత్రాన సరిపోదు. తెలియకపోవడం తప్పును తీసివేస్తుంది. అది తనంతట తాను రక్షణను ఇవ్వదు. బావిలో పడినవాడికి క్షమాపణ చాలదు, గాలి కావాలి. అయితే గాలి అందించడానికి ఒకే గొట్టం ఉందా, వేరే దారి కూడా ఉందా? అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

నీరు, రక్తం, ఆకాంక్ష

వేరే దారి ఉందన్న ఆలోచన చాలా పాతది. రోమన్ హింసాకాండ కాలంలో జ్ఞానస్నానానికి సిద్ధపడుతూ, అది పొందకముందే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చినవారు ఉన్నారు. వారి మరణమే వారికి జ్ఞానస్నానమని తొలి శతాబ్దాల శ్రీసభ భావించింది. దీన్ని రక్త జ్ఞానస్నానం అంటారు. శ్రీసభ వెలుపల రక్షణ లేదని 3వ శతాబ్దంలో గట్టిగా చెప్పిన కార్తేజు బిషప్ సిప్రియన్ కూడా దీన్ని ఒప్పుకున్నాడు.

ఇక 392లో రోమన్ చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ యువకుడిగానే మరణించాడు. జ్ఞానస్నానం కోరుకున్నాడు గానీ పొందలేదు. అంత్యక్రియల ప్రసంగంలో మిలాను బిషప్ ఆంబ్రోసు, అతడు కోరుకున్నది అతడికి దక్కిందని దుఃఖిస్తున్న అక్కచెల్లెళ్లను ఓదార్చాడు. ఇది ఆకాంక్షా జ్ఞానస్నానం. 1547లో ట్రెంట్ మహాసభ ఈ భావాన్ని తన తీర్మానంలో చేర్చింది. జన్మపాప స్థితి నుంచి కృపా స్థితికి రావడం జ్ఞానస్నానం వల్ల గానీ, దాని ఆకాంక్ష వల్ల గానీ జరుగుతుందని చెప్పింది.

కానీ వాలెంటీనియన్‌కు జ్ఞానస్నానం అంటే ఏమిటో తెలుసు. అసలు ఆ మాటే వినని మనిషి దాన్ని ఎలా కోరుకుంటాడు?

13వ శతాబ్దంలో థామస్ అక్వినాసు సరిగ్గా ఈ ప్రశ్న వేసుకున్నాడు. అడవిలో తోడేళ్ల మధ్య పెరిగిన మనిషిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ మనిషి తన బుద్ధికి తోచిన మంచిని అనుసరిస్తూ, చెడును వదిలేస్తూ ఉంటే దేవుడు అతణ్ణి విడిచిపెట్టడన్నాడు. అంతఃప్రేరణ ద్వారా తెలియజేస్తాడు, లేదా ఒక బోధకుణ్ణి పంపుతాడన్నాడు. అక్వినాసు కాలంలో ఇది తరగతి గది ఉదాహరణ మాత్రమే. సువార్త లోకమంతా చేరిందని, వినని మనిషి దాదాపు ఉండడని అప్పటి యూరపు అనుకునేది. 1442లో ఫ్లోరెన్సు మహాసభ, శ్రీసభలో చేరకుండా మరణించే అన్యులకు, యూదులకు నిత్యజీవం లేదని కఠినంగా ప్రకటించింది. ఆ ప్రకటన వెనుక ఉన్న ప్రపంచ పటం కూడా అదే.

పటం మారింది, ప్రశ్న మారింది

ఫ్లోరెన్సు ప్రకటన తరువాత సరిగ్గా 50 ఏళ్లకు, 1492లో, కొలంబస్ అట్లాంటిక్ దాటాడు. క్రీస్తు పేరు 1,500 ఏళ్లుగా వినని జనసమూహాలు ఉన్నాయని యూరపుకు తెలిసింది. అక్వినాసు చెప్పిన అడవి మనిషి ఇప్పుడు ఒక్కడు కాదు, లక్షల మంది.

1539లో స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో ది విటోరియా అనే ఆచార్యుడు దీని మీద ప్రసంగించాడు. వినని విషయాన్ని నమ్మకపోవడం పాపం కాదన్నాడు. అంతేకాదు, ఆధారాలు, సద్వర్తన చూపకుండా ఎవరో వచ్చి ఊరికే ప్రకటిస్తే వెంటనే నమ్మాల్సిన బాధ్యత కూడా వాళ్లకు లేదన్నాడు. ఈ రెండవ మాటను గుర్తుపెట్టుకోండి. అయితే తెలియకపోవడం వల్లనే వాళ్లు రక్షణ పొందారని మాత్రం ఆయన అనలేదు. మన బావి ఉదాహరణ ఆయనకూ తెలిసినట్టే ఉంది!

మన దేశంలోనూ, జపాన్‌లోనూ పనిచేసిన ఫ్రాన్సిస్ జేవియర్‌కు ఇదే ప్రశ్న మనుషుల కన్నీళ్లలో ఎదురైంది. కొత్తగా క్రైస్తవులైన జపాన్ వారు తమ చనిపోయిన తల్లిదండ్రుల సంగతేమిటని ఏడ్చారని 1552 జనవరి లేఖలో ఆయన రాశాడు. నా ముందు నిలబడిన ఆ అమ్మాయి ప్రశ్న ఎంత పాతదో చూశారా?

తరువాతి మెట్టు 19వ శతాబ్దంలో వచ్చింది. తొలగించుకోలేని అజ్ఞానంలో ఉన్నవారు ఆ కారణంగా దేవుని ముందు దోషులు కారని 1854లో తొమ్మిదవ పయసు పోపు చెప్పాడు. జాతులు, దేశాలు, మనస్తత్వాలు ఇన్ని రకాలుగా ఉండగా ఆ అజ్ఞానానికి హద్దులు గీయగలవారెవరని కూడా అడిగాడు. 1863లో మరో మెట్టు ఎక్కాడు. అలాంటివారు ప్రకృతి ధర్మాన్ని పాటిస్తూ నిజాయితీగా జీవిస్తే, దేవుని వెలుగు, కృపల బలంతో నిత్యజీవం పొందగలరన్నాడు. గమనించండి, అజ్ఞానం బలంతో కాదు, కృప బలంతో.

బోస్టన్ గొడవ

ఇంతటితో చర్చ ముగిసిందనుకుంటున్నారా? లేదు. 1940లలో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో లెనార్డ్ ఫీనీ అనే జెస్యూట్ గురువు ఈ ఆకాంక్ష సిద్ధాంతం జారుడు బండ అన్నాడు. నీటి జ్ఞానస్నానం పొంది శ్రీసభలో సభ్యులైతే తప్ప రక్షణ లేదని విద్యార్థులకు బోధించాడు. ఆయన వాదనలో ఒక తర్కం ఉంది. మినహాయింపులు పెంచుకుంటూ పోతే నియమం ఏం మిగులుతుంది?

1949 ఆగస్టులో రోము నుంచి బోస్టన్ ఆర్చిబిషప్‌కు లేఖ వచ్చింది. శ్రీసభ వెలుపల రక్షణ లేదన్న సూత్రం సత్యమేనని ఆ లేఖ చెప్పింది. అయితే దాని అర్థం ఫీనీ చెప్పినట్టు కాదని కూడా చెప్పింది. ఒక మనిషి దేవుని చిత్తాన్ని నెరవేర్చాలని మనసారా కోరుకుంటే, తనకు తెలియకపోయినా జ్ఞానస్నానాన్ని, శ్రీసభను కోరుకున్నట్టే. ఇది అవ్యక్త ఆకాంక్ష. కానీ ఏదో ఒక కోరిక ఉంటే చాలదు. దానిలో పరిపూర్ణమైన ప్రేమ, దేవుడిచ్చిన విశ్వాసం ఉండాలని లేఖ షరతు పెట్టింది.

రోముకు రమ్మన్న ఆజ్ఞను పాటించనందుకు 1953లో ఫీనీని శ్రీసభ నుంచి వెలివేశారు. శ్రీసభ వెలుపల రక్షణ లేదన్న మనిషే శ్రీసభ వెలుపల నిలబడ్డాడు! 1972లో ఆయన్ను తిరిగి చేర్చుకున్నారు. ఆ వాదాన్ని ఇప్పటికీ సమర్థించే చిన్న బృందాలు ఉన్నాయి.

1964లో రెండవ వాటికన్ మహాసభ ఈ బోధను మరింత విశాలంగా చెప్పింది. తమ తప్పు లేకుండా క్రీస్తు సువార్త ఎరగక, నిజాయితీగా దేవుణ్ణి వెతుకుతూ, అంతరాత్మ చెప్పినట్టు నడుచుకునేవారు కృప సాయంతో రక్షణ పొందగలరని ప్రకటించింది. 1992 నాటి కథోలిక సత్యోపదేశ గ్రంథం ఈ లెక్క మొత్తాన్ని ఒక సమతూకంలో పెట్టింది. సువార్త విని, జ్ఞానస్నానం అడగగల వీలున్నవారికి అది అవసరం. దేవుడు రక్షణను ఆ దివ్యసంస్కారంతో ముడిపెట్టాడు గానీ, తనను తాను దానికి కట్టివేసుకోలేదు.

పసిబిడ్డల సంగతి

ఇప్పటిదాకా చెప్పింది పెద్దవాళ్ల గురించి. అంతరాత్మ, ఆకాంక్ష పెద్దవాళ్లకు ఉంటాయి. పుట్టిన రోజే కన్నుమూసిన బిడ్డకు ఏ ఆకాంక్ష ఉంటుంది? అందుకే ఆ అమ్మాయి రెండవ ప్రశ్న మొదటిదానికన్నా కష్టమైంది.

5వ శతాబ్దంలో అగస్టీను, జ్ఞానస్నానం లేని శిశువులకు మోక్షం లేదని, అయితే వారి శిక్ష అన్నింటికన్నా తేలికైనదని అన్నాడు. మధ్యయుగపు పండితులు దీన్ని మెత్తబరిచి 'లింబో' అనే భావన తెచ్చారు. లాటిన్‌లో ఈ మాటకు చీర అంచు వంటి అంచు అని అర్థం. అక్కడ బాధ ఉండదు, సహజమైన ఆనందం ఉంటుంది, కానీ దేవుని ముఖదర్శనం ఉండదు. లింబోను శ్రీసభ ఎన్నడూ తప్పనిసరి విశ్వాస సత్యంగా నిర్ణయించలేదు. అయినా శతాబ్దాల పాటు అదే మామూలు బోధ. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం జ్ఞానస్నానం లేని శిశువుకు గుడి మర్యాదలతో ఖననం కూడా ఉండేది కాదు. అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లికి రెండుసార్లు బిడ్డ దూరమైనట్టే.

అందుకే ప్రాణాపాయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని శ్రీసభ అనుమతించింది. గురువే అక్కరలేదు. మంత్రసాని, నర్సు, చివరికి క్రైస్తవేతరులైనా సరే, శ్రీసభ ఉద్దేశించినట్టు చేయాలన్న సంకల్పంతో నీళ్లు పోసి ఆ మాటలు పలికితే చెల్లుతుంది.

1970 నాటి పూజాగ్రంథంలో జ్ఞానస్నానానికి ముందే పోయిన శిశువులకు అంత్యక్రియల పూజ చేరింది. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉంటే, బిషప్ అనుమతితో ఆ బిడ్డకు గుడిలో అంత్యక్రియలు జరపవచ్చని 1983 నాటి చట్టం చెప్పింది. 2007 ఏప్రిల్‌లో అంతర్జాతీయ వేదాంత సంఘం, పోపు పదహారవ బెనెడిక్టు అనుమతితో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. లింబో భావన దేవుని రక్షణ సంకల్పాన్ని మరీ కుదించి చూపిందని, ఆ శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని అందులో ఉంది. సంఘం వాడిన మాట 'ఆశ'. 'నిశ్చయం' అనలేదు. లింబోను నిషేధించనూ లేదు. ఆ సంఘం సలహా సంఘమే గాని, తుది తీర్పు చెప్పేది కాదు. పత్రికల్లో "పోపు లింబోను రద్దు చేశారు" అని వచ్చిన శీర్షికలు ఈ తేడాను వదిలేశాయి.

మరి సువార్త ఎందుకు?

తెలివైన విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. వినకపోయినా రక్షణకు దారి ఉందంటే, వినిపించడం దేనికి? విని తిరస్కరించే ప్రమాదమే ఎక్కువ కదా! కథోలికుల్లోనే కొందరు ఈ అభ్యంతరం చెబుతారు. దీనికి వాటికన్ మహాసభ జవాబు ఇది: దేవుడు తనకే తెలిసిన దారుల్లో మనుషులను తన దగ్గరికి తెచ్చుకోగలడు, అయినా సువార్త చెప్పడం శ్రీసభ బాధ్యత, అయితే విశ్వాసాన్ని ఎవరిమీదా రుద్దకూడదు. 1965లో వెలువడిన వేర్వేరు పత్రాల్లో ఈ మాటలన్నీ ఉన్నాయి. మొదటి రెండు మాటల మధ్య ఒక ఒత్తిడి ఉంది. అది ఇప్పటికీ పూర్తిగా తొలగలేదు.

ఈ ఒత్తిడి ఎంత ప్రాణాంతకం కాగలదో 2018 నవంబరులో సెంటినెల్ తీరాన తెలిసింది. జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ల అమెరికన్ యువకుడు చట్టాన్ని తప్పించుకుని, మత్స్యకారుల పడవలో ఆ దీవికి చేరాడు. అతడు కథోలికుడు కాదు, ఎవాంజెలికల్ ప్రొటెస్టంటు. ఆ దీవివాసులు యేసును ఎరగకుండా మరణిస్తే నశిస్తారన్నది అతడి ఆవేదన. వాళ్లకు అర్థం కాని భాషలో యేసు ప్రేమను ప్రకటించాడు. బాణం అతడి చేతిలోని బైబిలుకు తగిలినా మళ్లీ వెళ్లాడు. ప్రాణం కోల్పోయాడు. అతణ్ణి అమరుడన్న క్రైస్తవులు ఉన్నారు, తప్పు చేశాడన్న క్రైస్తవులూ ఉన్నారు.

విటోరియా మాటను గుర్తుపెట్టుకోమన్నాను కదా! 1539 నాటి ఆ కొలత ప్రకారం చూసినా, అర్థం కాని భాషలో విన్న కేకను నమ్మకపోవడం దీవివాసుల తప్పు కాదు. ఇక విజ్ఞానశాస్త్రం కొలత ప్రకారం చూస్తే, అతడు మోసుకెళ్లిన సందేశం కన్నా ముందే అతడి ఊపిరిలోని సూక్ష్మజీవులు వాళ్లను చేరగలవు. వినేవాళ్లను బతకనివ్వని బోధ ఎవరికి చేరుతుంది?

తీరానికి తిరిగి వద్దాం

ఆ రోజు ఆ అమ్మాయికి ఇంత వివరంగా చెప్పలేకపోయాను. ఆ తరువాత చదివి, తెలిసినవారిని అడిగి, తెలుసుకున్నది ఇది. సెంటినెల్ వాసుల రక్షణ, ఎవరో ఒకరు పడవ దిగి వెళ్లడం మీద ఆధారపడి ఉందని ఇప్పటి కథోలిక బోధ చెప్పదు. వాళ్లంతా తప్పక రక్షణ పొందారని కూడా చెప్పదు. ఆ తీర్పు మనిషి చేతిలో లేదంటుంది. పుట్టిన రోజే పోయిన తమ్ముడి విషయంలోనూ అంతే. ఆశించు, ప్రార్థించు అంటుంది. ఒకప్పుడు అదే గుడి ఆ తల్లికి ఆ ఆశను కూడా ఇవ్వలేదు. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి శతాబ్దాలు పట్టింది.

సూత్రం మారిందా, సూత్రాన్ని అర్థం చేసుకునే తీరు మారిందా? ఎదుగుదలేనని శ్రీసభ అంటుంది. ఫీనీ అనుయాయులు జారిపోవడమంటారు. ఆలస్యంగా ఒప్పుకున్న పొరపాటని విమర్శకులంటారు. మీరు పత్రాలను చదివి, ఎవరు ఏ అర్థంలో ఏ మాట వాడారో చూసి నిర్ణయించుకోండి. పెద్ద వాదాల్లో చాలా వరకు 'అవసరం' వంటి చిన్న మాట దగ్గరే దారి తప్పుతాయి.

సారాంశం

జ్ఞానస్నానం రక్షణకు సాధనంగా అవసరమని కథోలిక బోధ. నీటితో పాటు రక్తం, ఆకాంక్ష అనే దారులను కూడా అది గుర్తించింది. తెలియకపోవడం దోషాన్ని తీసివేస్తుంది. రక్షణ మాత్రం కృప వల్లనే. 1492 తరువాత భూగోళ జ్ఞానం ఈ చర్చను ముందుకు నెట్టింది. శిశువుల విషయంలో 2007 అధ్యయనం ఇచ్చింది ఆశను, నిశ్చయాన్ని కాదు.

ఆలోచించండి

1. ఆజ్ఞ వల్ల అవసరం, సాధనంగా అవసరం అన్న తేడాకు మీ నిత్యజీవితం నుంచి రెండేసి ఉదాహరణలు రాయండి.

2. "వాళ్లకు తెలియదు కాబట్టి వాళ్లు రక్షణ పొందారు" అన్న వాక్యంలో, పై పాఠం ప్రకారం, ఏ మెట్టు తప్పిపోయింది?

3. ఒక సమాజానికి మేలు చేయాలనుకునే వ్యక్తి, ఆ సమాజం వద్దంటే ఏం చేయాలి? వైద్యుడు, ఉపాధ్యాయుడు, మతబోధకుడు ముగ్గురికీ ఒకే జవాబు చెల్లుతుందా? మీ తరగతిలో చర్చించండి.